మేనమామ కారు మడతబందులు

మా ఆయన మేనమామ కారు మా ఇంటికి శెనక్కాయల లారీ వెనకాల మోకు కట్టించుకుని వచ్చింది. పొద్దున్నే కార్వేటినగరంలో బయల్దేరి, పుత్తూరు, వడమాలపేట మీదుగా తిరుపతి చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది. ఇంగ్లీషువాళ్ల కాలంలో వాళ్ల దేశం నుంచి ఓడలో వచ్చిన బండి అది. లోపల కొయ్య చట్రం, పైన నల్లటి ఇనుపరేకు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు. స్టీరింగు పట్టుకుని కూర్చున్న మామ దిగడమే మా వీధికి తమాషా అయింది. ముందు తలుపుల్లో కుడిది అసలు కదలదు. ఎడమది జానెడు తెరుచుకుని ఆగిపోతుంది. అంత భారీ మనిషి ముందు సీటు మీంచి వెనక్కి పాకి, వెనక తలుపులోంచి ముందు కాళ్లు, తర్వాత పొట్ట, ఆఖరున తల బయటికి తెచ్చుకున్నాడు.

"సూసినావా అల్లుడా?" అన్నాడు పంచె దులుపుకుంటూ. "లక్ష్మి మాదిరి బండి. ఎక్కేదానికి మాత్రం దొంగ మాదిరి దూరాల. కీళ్లు పట్టేసినాయి. నువ్వయితే ఇనుముతో మాట్లాడతావు. ఆయుధపూజకి ఈ తలుపులు తెరుసుకోవాల, బండి మా వాకిట్లో ఉండాల. ఆ పొద్దే మన నూనె మిల్లు తాళాలు నీ సేతిలో పెడతా. కరెంటాఫీసులో ఇంగెన్నాళ్లప్పా ఒకరి కింద పనిజేస్తావు? మీరు ముగ్గురూ, మా చెల్లెలూ, అందరూ ఊరికి వచ్చేయండి. ఇల్లు అంత పెద్దది ఉండాది."

మా ఆయన అవుననలేదు, కాదనలేదు. కుడి తలుపు కింది మడతబందు మీద బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. గడపలో బిడ్డను చంకనేసుకుని నిలబడిన నాకు మాత్రం ఆ క్షణమే అర్థమైంది. ఆ తలుపులు తెరుచుకుంటే నేను కార్వేటినగరం పోయి ఆ ఇంట్లో కాపురం చేయాలి. ఆ ఇంట్లో మామ కూతురు ఉంది.

మా వైపు మేనమామ కూతురు పుట్టగానే బావ పెళ్లామని పేరు పెట్టేస్తారు. ఆ అమ్మాయికీ అలాగే పెట్టారు. ఊయలలో ఉన్నప్పటి నుంచి "నీ మొగుడొచ్చినాడు సూడు" అని మా ఆయన్ను చూపించేవారట. తర్వాత మా మామగారికీ ఈ మేనమామకూ ఏదో గట్టు తగాదా వచ్చి మాటలు పోయాయి. ఆ పంతంలోనే చిత్తూరులో బి.ఎ. ముగించి ఇంట్లో కూర్చున్న నన్ను చూసుకుని పెళ్లి చేశారు. మామగారు పోయాక తగాదా కూడా ఆయనతోనే పోయింది. అంటే, మా ఆయన నన్ను ఎంచుకోలేదు. ఆమెను వద్దనుకోనూ లేదు. ఇద్దరు పెద్దమనుషుల పంతం మధ్య నేను దొరికాను. ఆమె ఇంకా పెళ్లి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలన్నీ కాదంటోందని మా అత్త చెప్పేటప్పుడు, నా ముఖంలోకి ఒకసారి చూసి చెప్పేది.

ఇది జరిగి రెండేళ్లు కావస్తోంది. బిడ్డ పడుకున్నాక రాసుకుంటున్నాను. పగలు రాస్తే చేయి తొందరపడుతుంది.

మరుసటి రోజు నుంచి ఆయన సాయంత్రాలన్నీ ఆ కారువైపోయాయి. ఇంటి పక్కన రేకుల కొట్టం కింద దాన్ని పెట్టించాడు. ఆఫీసు నుంచి వచ్చి చొక్కా విప్పి అటే పోయేవాడు. ప్రతి ముందు తలుపుకూ బయటకు కనిపించేలా పైనొకటి, కిందొకటి మడతబందులు ఉన్నాయి. ఒక్కోదాని నడుమ వేలెడు పొడవు పిన్ను. ఆ పిన్నులు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. మరలు విప్పి మడతబందునే తీసేద్దామంటే మరల తలలు తుప్పుపట్టి అరిగిపోయాయి, లోపల కొయ్య పాతది, పెళుసు. పిన్నును కింది నుంచి కొట్టి పైకి తీయడం ఒక్కటే దారి. గట్టిగా కొడితే మడతబందుకు పిన్ను దూరే చెవి విరుగుతుంది. విరిగితే అలాంటిది ఈ దేశంలో దొరకదని ఆయన భయం.

అందుకని ముందు నానబెట్టాలన్నాడు. రేషనులో వచ్చిన కిరోసిన్, బిడ్డ పాలు కాచే స్టవ్వుకని నేను దాచుకున్నది, సగం సీసా ఆ కారుకు పోయింది. దాంట్లో బ్రేకాయిల్ కలిపాడు. నా పాత వాయిల్ చీర అడగకుండానే చింపి వత్తులు చేశాడు. వాటిని ముంచి మడతబందుల చుట్టూ చుట్టి, ఆరిపోకుండా పొద్దునా సాయంత్రం తడిపేవాడు. బిడ్డకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చడానికి నన్ను పిలిచే మనిషి. అవే చేతులతో ఆ ఇనపముక్కలకు ఎంత ఓపిగ్గా కట్టు కడుతున్నాడో చూస్తే నాకు గుండెలో మండేది.

ఆఫీసుకు పోయేముందు సుత్తితో నాలుగు దెబ్బలు తట్టి లోపలికి వచ్చేవాడు.

"కదిలిందా?" అనేదాన్ని.

"లేదు. రాయి మాదిరి ఉండాది."

"అయ్యో," అనేదాన్ని. ఆ పూట కాఫీ బాగా కుదిరేది.

నాకు ఇంకో భయం కూడా ఉండేది. బిడ్డకు అప్పుడే నడక వచ్చింది. నేల మీద ఏది కనిపించినా నోట్లో పెట్టుకుంటాడు. ఆ కొట్టం నిండా తుప్పు పొట్టు, మేకులు, కిరోసిన్ సీసా. కొట్టం చుట్టూ తాడు కట్టాను. "సర్కస్ పులికి కట్టినట్టు కట్టినావే," అని మా అత్త నవ్వింది. నవ్వనీ అనుకున్నాను. తాడు ఆయనకు కూడా అడ్డమవుతుందని లోపల ఒక చిన్న ఆశ.

మామ కూతురు మొదటి ఆదివారం పది గంటల బస్సుకు వచ్చింది. ఒక చేతిలో శెనక్కాయ నూనె డబ్బా, ఇంకో చేతిలో అల్లనేరేడు పళ్ల బుట్ట. మా అత్త కాళ్లకు దండం పెట్టి, నా వైపు "బాగుండావా అక్కా?" అని ఒక చూపు విసిరి, తాడు కింద నుంచి దూరి నేరుగా కొట్టంలోకి పోయింది.

"ఏం బావా, తలుపు తెరిసినావా, నువ్వు కూడా మా నాయన మాదిరి పాకేది నేర్సుకున్నావా?"

"ఎగతాళి జెయ్యబాక మే. ఆ సన్న సుత్తి ఇట్లందుకో."

ఆమె అందించింది. ఏది సన్న సుత్తో చూపించాల్సిన పని లేకపోయింది. అప్పటికి పెళ్లయి మూడో ఏడు నడుస్తోంది, ఒక స్క్రూడ్రైవరు అందుకోమని ఆయన నన్ను ఎన్నడూ అడగలేదు. నాతో ఆయన మాట్లాడే తెలుగు వేరు. ఆఫీసు కాగితం చదివినట్టు కుదురుగా ఉంటుంది. ఆమెతో మాట్లాడుతుంటే గొంతు విప్పుకుని, నోరంతా తెరిచి నవ్వుతూ, నేనెప్పుడూ వినని మాటలు పలికాడు. వంటింట్లో నేను వంకాయలు తరుగుతూ ఆ నవ్వులు లెక్కపెట్టాలనుకుని, వేలు కోసుకున్నాను.

"నా అన్న బిడ్డ వచ్చిందంటే ఇల్లు కళకళలాడతాది," అంది మా అత్త పక్క నుంచి. "నేను ఏం జెప్పినా ఊ అంటాది. సదువుకున్నోళ్లయితే పుస్తకానికే ఊ అంటారు."

"చదువుకున్నదాని వేలు తెగింది అత్తా. పసుపు డబ్బా ఇట్లియ్యి."

తర్వాత ఆదివారమూ వచ్చింది. ఆ పై ఆదివారమూ వచ్చింది. బిడ్డను ఎత్తుకుని కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని "పాం పాం" అని ఆడించేది. వాడు ఆమె గాజులు పట్టుకుని దిగనని ఏడ్చేవాడు. నా దగ్గరికి తెచ్చి ఇచ్చేటప్పుడు వాడి ఒంటికి ఆమె పెట్టుకున్న మరువం వాసన ఉండేది. స్నానం చేయించిన బిడ్డకే మళ్లీ స్నానం చేయించేదాన్ని.

నానబెట్టడంతో పని కాలేదు. ఆయన ఆఫీసులో ఎవరినో అడిగి బ్లోల్యాంపు తెచ్చాడు. పెద్ద స్టవ్వులా బుస్సుమని మంట చిమ్మే దీపం అది. మడతబందును బాగా కాలిస్తే అది వ్యాకోచించి పిన్నును వదులుతుందని లెక్క. వెనకున్న కొయ్య అంటుకోకుండా తడిపిన గోనెసంచి దూర్చాడు. అది ఆదివారం. ఆమె గోనె పట్టుకుంది, ఆయన మంట పట్టుకున్నాడు. ఇద్దరి తలలూ ఎడమ తలుపు కింది మడతబందు దగ్గర, ఒకటికొకటి తగిలేంత దగ్గరగా వంగి ఉన్నాయి. నేను బావి దగ్గర బట్టలు జాడించడం మానేసి చూస్తున్నాను.

వాళ్లిద్దరూ మడతబందునే చూస్తున్నారు. నేను వాళ్లిద్దర్నీ చూస్తున్నాను. అందుకే వాళ్ల చెంపల మధ్య నుంచి లేస్తున్న తెల్లటి పొగ ముందు నాకు కనపడింది.

"కాలుతోంది!" అని అరుస్తూ నీళ్ల బక్కెట ఎత్తుకుని పరుగెత్తి, ఒక్కసారిగా కుమ్మరించేశాను. తలుపు మీద పడ్డ నీళ్ల కంటే ఆమె మీద పడ్డవే ఎక్కువ. జుట్టూ, రవికా తడిసి ముద్దయి, ఊపిరాడక నిలబడిపోయింది.

"అయ్యయ్యో, ఏందమ్మే ఇది!" అని మా అత్త పరుగున వచ్చింది. "పీనుగ మీద పోసినట్టు పోసేసినావే!"

"కొయ్య అంటుకుంది అత్తా."

"అంటుకునింది కొయ్యే గదా? బిడ్డకు అంటుకున్నట్టు పోసినావు."

ఆమె ముఖం తుడుచుకుంటూ పకపకా నవ్వేసింది. "పోనీలే అత్తా. తలంటి పోసుకోక రెండు నాళ్లయింది."

ఆయన ఎవర్నీ పట్టించుకోలేదు. బాగా కాలిన ఇనుము మీద చల్లటి నీళ్లు పడితే పగులుతుందని భయపడి, ముఖం మడతబందుకు ఆనించి వెతుకుతున్నాడు. పగల్లేదు. సుత్తితో మెల్లగా తట్టాడు. చప్పుడు మారింది. రాయి మీద కొట్టినట్టుండే దెబ్బ బోలుగా పలికింది. ఇంకో దెబ్బకు పిన్ను తల బియ్యపుగింజంత పైకి లేచింది.

"వచ్చింది!" అని కేక పెట్టాడు. నా వైపు తిరిగాడు. ముఖమంతా మసి, కళ్లల్లో నీళ్లు. "నీ నీళ్లకే వచ్చింది. కాలినదాని మీద ఒక్కసారిగా పడేతలికి లోపల పట్టంతా విరిగిపోయింది. నాకు ఈ ఆలోచన రాలేదు సూడు!"

పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను నలుగురి ఎదుట మెచ్చుకున్న మొదటిసారి అది. నేను వద్దని మొక్కుకుంటున్న పనికి!

పిన్ను పూర్తిగా బయటికి వచ్చాక ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. తుప్పు ఎర్రగా ఉంటుందనుకున్నాను. అది పసుప్పచ్చగా ఉంది. వార్నీషు పూసినట్టు గట్టిపడిన జిగురు పొర. గోటితో గీకితే పసుపు కింద ఎరుపు, ఎరుపు కింద మళ్లీ పసుపు. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

ఆమె వాసన చూసి రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. "బావా! ఇది మన పనే!"

వాళ్ల ఇంట్లో ఆయుధపూజ నాడు మిల్లుకూ, లారీకీ, కారుకూ పసుపు కుంకుమలు పెడతారు. కారుకు పెట్టే పని పిల్లలది. మిల్లులో ఆ పొద్దు ఆడిన మొదటి నూనె తెచ్చి, తలుపులు కిర్రుమనకుండా మడతబందుల్లో పోయడం ఆయన వంతు. పోసిన చోట పసుపు అద్ది, కుంకుమ బొట్టు పెట్టడం ఆమె వంతు. శెనక్కాయ నూనె వంటకు మంచిదే గానీ ఇనుములో పోస్తే ఎండకు బంకగా మారుతుంది. ఆ బంకలో పసుపు కలిస్తే సిమెంటే. ఏటేటా భక్తిగా పోశారు. తగాదా వచ్చి ఆయన పోవడం మానేసిన ఏళ్లలో రెండు పనులూ ఆమె ఒక్కతే చేసింది. వానలూ తుప్పూ మిగిలిన పని చేశాయి.

"నువ్వు గరిటెడు పోసేవాడివి."

"నువ్వు పిడికెడు కూరేదానివి."

"నాయన ఇన్నేండ్లు పాకింది మన వల్లనా బావా!"

ఇద్దరూ నేలమీద కూలబడి నవ్వుతున్నారు. నేను ఖాళీ బక్కెట పట్టుకుని నిలబడ్డాను. మన, మన అంటోంది. నాకూ ఆయనకూ కలిపి 'మన' అని చెప్పుకోడానికి ఏముంది? ఒక బిడ్డ ఉన్నాడు. కానీ ఆ ఇనుప పిన్ను మీద ఏటికో పొర చొప్పున పేరుకున్నది వాళ్లిద్దరి చిన్నతనం. నేను చిత్తూరులో ఎక్కడో పలకమీద దిద్దుకుంటున్నప్పుడు వీళ్లు కార్వేటినగరంలో ఆ తలుపును మూసేస్తూ ఉన్నారు. దాన్ని తెరిచింది నేను!

మరునాడు ఆయన గడ్డం గీసుకుంటుంటే అద్దంలోకి చూస్తూ చెప్పేశాను. "నేను కార్వేటినగరం రాను."

రేజరు ఆగింది. "ఎందుకు?"

"బిడ్డకు అస్తమానం జలుబు. ఇక్కడైతే డాక్టరు దగ్గర."

"ఆడా డాక్టరు ఉన్నాడు."

"నాకు మిల్లు దుమ్ము పడదు."

"నువ్వు మిల్లు ఎప్పుడు చూశావు?"

ఆయన అద్దంలోంచే నన్ను కాసేపు చూసి, మళ్లీ గీసుకోవడం మొదలుపెట్టాడు. ఏం చెప్పాలి? మీ ఇద్దరి నవ్వు నాకు పడదని చెప్పాలా? చదువుకున్నదాన్ని గదా, ఆ మాట నా నోట రాలేదు. ఆయన కూడా ఆ రోజు నుంచి మిల్లు ఊసు ఎత్తలేదు. ఇంకా ఎక్కువసేపు కొట్టంలో ఉండిపోయేవాడు.

దారి దొరికింది గనక ఎడమ తలుపు రెండు రోజుల్లో ఊడింది. కాల్చడం, నీళ్లు కొట్టడం, తట్టడం. మహాలయ అమావాస్య దాటిన ఆదివారం కుడి తలుపు మిగిలింది. అది అసలైన మొండిది. పై పిన్ను వచ్చేసింది. కింది పిన్ను సగం వచ్చి నిలిచిపోయింది. తలుపు బరువంతా ఆ సగం పిన్ను మీద పడింది. వదిలేస్తే చెవి విరుగుతుంది.

"పట్టుకో!" అన్నాడు ఆమెతో. ఒక్కతి వల్ల కాలేదు. "నువ్వు కూడా రా, తొందరగా!" అన్నాడు నాతో. ఇద్దరం చెరో పక్క చేతులు కింద పెట్టి తలుపును ఎత్తిపట్టాం. పిన్ను కింద పెట్టి కొట్టే కడ్డీ మొన చితికిపోయింది, ఇంకా సన్నది కావాలని వీధి చివర సైకిల్ షాపుకు పరుగెత్తాడు.

ఆయన పోయాక మేమిద్దరం మిగిలాం. ఆమె ముఖం నాకు మూరెడు దూరంలో ఉంది. లోపల బిడ్డ మా అత్త దగ్గర ఏదో గిన్నె కొడుతున్న చప్పుడు.

"బరువైతే సెప్పక్కా. నా పక్కకి వంచుకుంటా."

"నాకేం బరువు లేదు."

చేయి ఇంకాస్త లోపలికి జరుపుకుంది. తర్వాత, "ఒక మాట అడగతా, కోపం జేసుకోవద్దు," అంది. "బావ వస్తాడా మా ఊరికి?"

"మీ బావనే అడుగు."

"అడిగితే నవ్వతాడు. నువ్వు సెప్పు. వస్తాడా?"

"వస్తే నీకు సంతోషమే గదా."

ఆమె తలెత్తి నన్ను సూటిగా చూసింది. "సంతోషమా? బావ వస్తే నేను యాడికి పోవాల?"

నాకు అర్థం కాలేదు.

"మా నాయనకు రెండేండ్లుగా కండ్లు సరిగ్గా కనపడవు. మిల్లు నడపతా ఉండేది ఎవురనుకున్నావు? నేనే. రైతులతో బేరాలు నావే. తూకం నాదే. బెల్టు తెగినా, కూలోళ్లు అలిగినా నాకాడికే వస్తారు. పెండ్లి సూపులకి వచ్చినోళ్లందురూ 'మిల్లు ఎవురికి రాస్తారు' అని అడిగినోళ్లే. అందుకే ఒక్కడికీ ఊ అనలా. ఇంత జేస్తే మా నాయన ఏమంటాడు? ఆడబిడ్డ మిల్లుకాడ నిలబడితే నలుగురూ నవ్వతారంట. బావని పిలుచుకొని వచ్చి తాళాలు ఇస్తాడంట. నేనేమో లోపల కూర్చోని నీ బిడ్డకి జోల పాడాలంట."

"మరి ప్రతి ఆదివారం..."

"బావ కోసరమనుకున్నావా?" చేతులు ఖాళీగా ఉంటే నా బుగ్గ గిల్లేదేమో, అలా నవ్వింది. "తలుపు యాడ ఊడొస్తాదో అని సూసిపోయేదానికి వచ్చినా. ఎన్ని మొక్కులు మొక్కుకున్నా తెలుసా, ఇది రాకూడదని? నువ్వొచ్చి బక్కెట నీళ్లు పోసినావు, మహాతల్లీ!"

నేను కూడా నవ్వాను. నవ్వాలి గదా. ఇన్నాళ్ల మంట ఒక్క దెబ్బకు ఆరిపోవాలి గదా. ఆరలేదు. ఆ తలుపు బరువుతో నిలబడే నేను ఆమెను కొత్తగా చూశాను. ఎండకు నల్లబడ్డ ఆ చేతులు అక్కడ ఒక మిల్లును నడుపుతున్నాయి. నేను బి.ఎ. చదివాను. భర్త ఎక్కడికి పోతే అక్కడికి పోవాల్సి వస్తుందేమోనని భయపడటం తప్ప, ఇది నాది అని పట్టుకుని నిలబడటానికి నాకేముంది? ఆ భర్త కూడా ఆమెకు అక్కర్లేదు.

"నాయనకు ఆ మాట చెప్పావా?" అని అడిగాను.

"సెప్పినా. ఇనలా. పూజ నాడు అందరి ముందరా సెప్తా. బావ మాత్రం సరే అనకుండా ఉంటే సాలు. నువ్వు రానని గట్టిగా పట్టుకో అక్కా."

"పట్టుకునే ఉన్నాను."

"తలుపునా, మాటనా?"

"రెంటినీ."

ఆయన రొప్పుతూ వచ్చాడు. మేమిద్దరం నవ్వుకుంటూ ఉండటం చూసి తలుపు వైపు అనుమానంగా చూశాడు, ఏదైనా విరిగిందేమోనని. మూడు దెబ్బలకు పిన్ను ఊడి నేల మీద పడింది. తలుపు మా ఇద్దరి చేతుల్లోకి వచ్చింది.

పిన్నులన్నీ ఉప్పుకాగితంతో రుద్ది, గ్రీజు పెట్టి, తలుపులు మళ్లీ ఎక్కించాడు. వేలితో నెడితే చప్పుడు లేకుండా మూసుకునేవి. ఇంజను సంగతి లారీ మెకానిక్కు చూశాడు. ఆయుధపూజ నాడు కార్వేటినగరంలో మామ వాకిట్లో కారు నిలబడింది, మెడలో బంతిపూల దండతో. మామ డ్రైవరు వైపు తలుపు తెరిచి కూర్చుని, దిగి, మళ్లీ ఎక్కి, చిన్నపిల్లాడిలా నాలుగుసార్లు చేశాడు. మా అత్త పుట్టింటి ఉత్సాహంలో గిన్నెలో నూనె, పళ్లెంలో పసుపు తెచ్చి మడతబందు దగ్గర వంగింది.

"వద్దు!" అని ఆయనా, మామ కూతురూ ఒకే నోటితో అరిచారు. ఒకే క్షణంలో, ఒకే గొంతుతో. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. విషయమంతా తెలిసిన తర్వాత కూడా, ఆమె నోటితోనే అంతా విన్న తర్వాత కూడా, నాకు మళ్లీ అక్కడే, అంతే మండింది.

హారతి అయ్యాక మామ తాళాల గుత్తి పళ్లెంలో పెట్టి మా ఆయన ముందుకు చాపాడు. ఆయన చేయి కొంచెం లేచింది. నేను చూశాను. ఆమె అంతకంటే ముందు వచ్చి పళ్లెం పట్టుకుంది.

"నాయనా, బావకిస్తే నేను రేపటి నుంచి మిల్లు గడప తొక్కను. బెల్టు ఎట్ల ఎక్కించాలో, ఏ రైతు తూకంలో తడి కలపతాడో బావకి నువ్వే నేర్పుకో. నీకు కండ్లు కనపడకపోయినా."

వాకిట్లో కూలీలందరూ ఉన్నారు. మామ ముఖం కందిపోయింది. "నలుగుర్లో ఇట్లా మాట్లాడేది?"

"నలుగురూ నవ్వతారంటివి గదా. ఈడ ఉండేది నలుగురే. అడుగు, ఎవురు నవ్వతారో."

వెనక నుంచి ఒక ముసలి కూలామె, "నవ్వేదానికేముండాదయ్యా? కూలి రెండేండ్లుగా ఆ పాపే ఇస్తా ఉండాది," అంది. మామ ఆమె వైపు చూసి, కూతురి వైపు చూసి, పళ్లెం వదిలేశాడు. ఇచ్చాననలేదు. వదిలేశాడు, అంతే. ఆమె తాళాలు బొడ్లో దోపుకుంది.

నేను ఆ క్షణంలో మా ఆయన ముఖమే చూస్తున్నాను. లేచిన చేయిని ఏం చేయాలో తెలియక ఆయన దాంతో కారు తలుపును మెల్లగా మూశాడు.

సాయంత్రం బస్సులో తిరిగి వస్తున్నాం. మా అత్త పుట్టింట్లో ఉండిపోయింది. బిడ్డ నా ఒళ్లో నిద్రపోయాడు. పుత్తూరు దాటాక ఆయన నోరు విప్పాడు.

"మామకు నేను ముందే సరే అని చెప్పేసి ఉండాను."

"ఎప్పుడు?"

"బండి మనింటికి రాకముందే. పుత్తూరులో కలిసినప్పుడు."

"నాతో చెప్పలేదే?"

"తలుపులు తెరుచుకున్నాక చెబుదామనుకున్నా. ఇంతలో నువ్వు రానన్నావు. ఏం చేయాలో తెలీక ఆ కొట్టంలోనే కూర్చునేవాణ్ని."

"నేను రానన్నానని మామకు చెప్పారా?"

ఆయన చేతిలోని టికెట్లు మడతపెట్టాడు. చెప్పలేదని తెలిసింది. నేను పట్టుకున్నాననుకున్న మాట అద్దం ముందే ఆగిపోయింది, ఎవరి దాకా పోలేదు. ఆమె పళ్లెం పట్టుకోకపోతే ఆ తాళాలు ఈ సరికి ఆయన జేబులో ఉండేవి. నేను ఆ పెద్దింట్లో ఏ గదిలో ఊయల కట్టాలో చూసుకుంటూ ఉండేదాన్ని. తిరుపతిలో నా ఇల్లు నాకు మిగిలింది ఆమె దయ. ఆయన్ను ఆమె కోరుకుని, దొరక్క, ఏడ్చి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. గెలిచినదాన్ని కనక జాలి పడేదాన్ని కూడా.

"మిల్లు పోయిందని బాధగా ఉందా?" అన్నాను.

"మిల్లుదేముంది."

"మరి?"

"మరేంలేదు. నేనొస్తే దానికి అంత కష్టమని నాకు తెలీదు. ఒక్క మాట చెప్పలేదు నాతో. అన్ని ఆదివారాలు వచ్చింది." కిటికీ వైపు తిరిగాడు. "నీతో చెప్పిందా?"

వడమాలపేటలో బస్సు ఆగింది. శెనక్కాయలు ఉడకబెట్టినవి అమ్మే ఆమె కిటికీ దగ్గరికి వచ్చి అరుస్తోంది. చెప్పిందని ఒక్క మాట అంటే ఆయన నన్నడిగే రెండో ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ఏమని చెప్పింది, నా గురించి ఏమంది అని అడుగుతాడు. ఆమె ఆయన గురించి ఏమీ అనలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పాలనీ ఉంది, చెప్పకూడదనీ ఉంది.

"లేదు," అన్నాను. "వీణ్ని కాసేపు ఎత్తుకోండి. చేయి తిమ్మిరెక్కింది."

ఆయన బిడ్డను భుజాన వేసుకున్నాడు. బస్సు కదిలింది.